ఉత్త పచ్చ

మా రంగుల కొట్లో ఉత్త పచ్చ అనకూడదు. అది మా ఓనరు పెట్టిన రూలు. నేను చేరకముందు ఎవరో ఒకాయన ఫోను చేసి తలుపులకి పచ్చరంగు పంపమంటే, కౌంటరులో ఉన్నతను పసుపు డబ్బాలు పంపించాడట. ఇంటాయన ఊళ్ళో లేడు. పెయింటరు తనకెందుకులే అని వేసుకుంటూ పోయాడు. ఆయన తిరిగొచ్చేసరికి తలుపులన్నీ నిమ్మపళ్ళలా మెరిసిపోతున్నాయి. అప్పట్నుంచి ఎవరొచ్చి పచ్చ అన్నా "ఏ పచ్చండీ?" అని అడగాల్సిందే. ఆకుపచ్చో పసుపుపచ్చో వాళ్ళ నోటితో అనిపించాకే రంగులు కలిపే మిషను మీద చెయ్యి వేయాలి. కొట్లో ఉన్నంతసేపూ నా నోరు అంత పద్ధతిగా ఉంటుంది. ఇంటికొస్తే మామూలే. సొంత ఇంట్లో షేడు కార్డు చూసుకుని ఎవరు మాట్లాడతారు?

ఆ ఎండాకాలం మాత్రం మా ఇంట్లో తెల్లారి లేస్తే పచ్చ గురించే మాట.

మా ఆయనది ఆటల మైదానంలో గడ్డి చూసే పని. విత్తనం చల్లడం దగ్గర్నుంచి రోలరు తిప్పడం దాకా అంతా ఆయనే. గడ్డికి అడ్డంబడి నడిచేవాడు కప్పు గెలిచిన కెప్టెనయినా సరే, అక్కడే నిలబెట్టి దులిపేసేవారు. ఆటగాళ్ళు ఆయనకి గడ్డిమాస్టారు అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా ముచ్చట. మా అమ్మాయి పుట్టిన రోజున ఆసుపత్రికి మోకాళ్ళ నిండా మట్టితో వచ్చి, పిల్లని ఎత్తుకోబోతే నర్సు తరిమేసింది. ఆ సంగతి నేను చివరిదాకా దెప్పుతూనే ఉన్నాను.

ఎండలు ఇంకా ముదరకముందే ఆయన లివరు పాడైందని తేలింది. జన్మలో ఒక్క చుక్క ముట్టని మనిషి. ఆ మాట నేను చెప్తుంటే ఎదుటివాళ్ళు "అలాగా" అంటూ తలూపే తీరు చూసి నాకు ఒళ్ళు మండేది. డాక్టరమ్మ ఒక్కతే నమ్మింది. తాగనివాళ్ళకీ వస్తుందని చెప్పి, కొత్త మందు రాసిచ్చింది. అది పట్టిందంటే కొన్నేళ్ళు లాక్కురావచ్చట. పట్టకపోతే ముందు కళ్ళలో తెలుస్తుందట. "కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే తీసుకురండి," అంది నాతో.

"పచ్చబడితే ఇంక గడ్డి తవ్వి పారెయ్యాల్సిందేనాండీ?" అని అడిగారు మా ఆయన.

ఆయనకి అన్నీ గడ్డి లెక్కే. నేను నవ్వాను, అలవాటు కొద్దీ. ఆవిడ నవ్వలేదు. పెన్నుకి మూత పెట్టి, ఎండలో తిరగొద్దని, మైదానం పని మానేయమని చెప్పింది. బయటికొచ్చాక మేమిద్దరం ఆ నవ్వకపోవడం గురించి మాట్లాడుకోలేదు.

మా అమ్మాయి వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకునేది. అది దాని ఆఖరి సంవత్సరం, పరీక్షలు దగ్గర పడుతున్నాయి. నాన్నకి లివరు కాస్త వాచింది, రెస్టు తీసుకుంటే తగ్గిపోతుంది అని చెప్పాం. "కాస్త" అన్నది ఆయన మాట. పరీక్షలయ్యేదాకా పిల్లని కదిలించొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. అది రోజూ ఫోను చేసేది. "నాన్నా, ఎలా ఉంది?" అంటే చాలు, ఈయన విసుక్కుని ఫోను నా చేతికిచ్చేసేవారు.

ఇంట్లో కూర్చోబెట్టిన మొదటి వారంలోనే ఆయన నా ప్రాణం తీశారు. కిటికీలోంచి ఎదురింటి పెరడు చూసి, వాళ్ళు నీళ్ళు పెట్టే పద్ధతి బాగాలేదని ఇక్కడ్నుంచే సణుగుడు. అది విని మైదానం నడిపే క్లబ్బువాళ్ళు జాలిపడ్డారో ఏమో, తమ గదిలో ఎండిపోయి పడున్న చేపల తొట్టిని మోసుకొచ్చి మా ముందు గదిలో పెట్టి వెళ్ళారు. కాసిని చేపలు వేసుకుని చూసుకుంటూ కాలక్షేపం చేస్తాడులే అనుకున్నారు. వాళ్ళకేం తెలుసు గడ్డిమాస్టారి సంగతి? చేపలెవరికి కావాలి, అడుగంతా గడ్డి పరుస్తానన్నారు.

తొట్టెల్లో పెంచే చేపలమ్మే కొట్టాయన దగ్గర అలాంటి మొక్కలున్నాయి. తివాచీ మొక్కలంటారట. నువ్వుగింజంత ఆకులు, చిన్న చిన్న కుండీల్లో. నీళ్ళ అడుగున మట్టిలో నాటితే తివాచీలా పాకుతాయట. చేపలాయన నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఇవి తోటలో గాలికి పెరిగిన మొక్కలు. నీళ్ళలోకి వెళ్ళాక గాలికి పెరిగిన ఆకులన్నీ పచ్చబడి పోతాయి. తర్వాత నీళ్ళకి తగ్గ కొత్త ఆకులు వస్తాయి. ఈలోపు కంగారుపడి ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నేను ఇంటికొచ్చి అంతా అప్పజెప్పాను. ఆయన ఊఁ ఊఁ అంటూ వింటూనే కుండీ తిరగేసి వేళ్ళు చూస్తున్నారు.

నాటడానికి ఒక పూటంతా పట్టింది. పొడుగాటి పట్టకారుతో ఒక్కొక్క పిలకా పట్టి, ముక్కు అద్దానికి ఆనించి, వరసలు తీర్చి నాటారు. నీళ్ళు పోశాక లైటు వేసి వెనక్కి వాలి కూర్చున్నారు. మొహంలో చాన్నాళ్ళ తర్వాత రంగు కనిపించింది.

"ఇది పట్టిందనుకో, వానలకి నేను గ్రౌండులో ఉంటాను," అన్నారు.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. అప్పటిదాకా అది కాలక్షేపం. ఆ మాటతో మనిషి తన ప్రాణం తీసుకెళ్ళి ఆ తొట్టిలో నాటుకున్నట్టయింది. నాకు మొదట్నుంచీ ఆశ లేదు. మందు మీదా లేదు, మొక్కల మీదా లేదు. కానీ ఆ రోజు నుంచి ఆ నువ్వుగింజంత ఆకులు బతకాలని నాకున్నంత పంతం ఇంకెవరికీ లేదు.

మా అమ్మాయికి కూడా తొట్టి సంగతి తెలిసి ఒక ఉపాయం దొరికింది. నాన్నని ఎలా ఉందని అడిగితే విసుగు, మొక్కల్ని అడిగితే గంటసేపు చెప్తారు. దాంతో రోజూ ఫోను స్పీకరులో పెట్టగానే అది అడిగే మాట ఒకటే, "ఎలా ఉన్నాయి?" అని. ఆయన గొంతులో ఓపికుందో లేదో దాన్నిబట్టి చూసుకునేది. తెలివైన పిల్ల. మా ఇద్దరిలో ఎవరి పోలికో తెలియదు.

చేపలాయన చెప్పినట్టే, వారం తిరక్కుండానే అంచుల్లో ఆకులు పసుపు తిరిగాయి. గడ్డి చూసే మనిషికి పసుపు తిరిగిన ఆకు కనిపిస్తే చేతులు ఊరుకుంటాయా? మైదానంలో కొత్తగా పరిచిన గడ్డి వేరు పట్టిందో లేదో తెలుసుకోవడానికి ఆయనకో పద్ధతి ఉండేది. పొద్దున్నే వెళ్ళి రెండు వేళ్ళతో పిలకని పట్టి సుతారంగా లాగి చూడటం. రాకపోతే పట్టినట్టు. వస్తే మళ్ళీ నొక్కి నీళ్ళు పెట్టడం. జీవితమంతా చేసిన పని. ఇక్కడా అదే. పొద్దున లేవగానే మొహం కూడా కడగకుండా పట్టకారు నీళ్ళలో దించి ఒక పిలకని లాగేవారు. అది చక్కా ఊడి పైకి తేలేది. తిట్టుకుంటూ మళ్ళీ నాటేవారు. మర్నాడు దాని పక్కదాన్ని లాగేవారు.

వెలుతురు చాలట్లేదన్నారు. లైటు పొద్దున్నుంచి పడుకునేదాకా వెలిగేలా టైమరు తిప్పారు. దాంతో అద్దాలకి పాచి పట్టింది. మొక్కలు తప్ప ఆ తొట్టిలో అన్నీ ఏపుగా పెరిగాయి.

తర్వాత గాలి చాలట్లేదన్నారు. నీళ్ళలో మొక్కకి ఊపిరాడాలంటే సీసాలో చక్కెర, ఈస్టు, గోరువెచ్చటి నీళ్ళు కలిపి మూతకి సన్నటి పైపు పెట్టి నీళ్ళలోకి వదలాలని ఎవరో చెప్పారట. నేనే కలిపాను. బుడగలు బాగానే వచ్చాయి. బుడగలతోపాటు ఇల్లంతా సారా వాసన కొట్టింది. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ మా నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది. కుర్చీలో చిక్కిపోయి కూర్చున్న మా ఆయన్ని చూసింది. నా భుజం మీద చెయ్యివేసి, ఎంత ఓపికమ్మా నీది అంది. నేను సీసా తెచ్చి చూపించి, ఇది మొక్కల కోసమండీ అని చెప్పాను. చెప్పేకొద్దీ ఆవిడ మొహంలో జాలి ఎక్కువైంది. ఆవిడ వెళ్ళాక మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. దగ్గీ దగ్గీ కూడా నవ్వారు. ఆ కాలమంతటిలో మేం కలిసి నవ్వింది ఆ ఒక్కరోజే.

ఆ మర్నాడు నేను కొట్టుకి వెళ్ళాక, పెరట్లో దాచిన పాత డబ్బాలోంచి మైదానంలో చల్లే ఎరువు చిటికెడు తీసి తొట్టిలో వేశారు. సాయంత్రం వచ్చేసరికి నీళ్ళు పాలలా అయ్యాయి. మొక్కలతోపాటు కుండీల్లో వచ్చిన బుల్లి నత్తలు కొన్ని ఉండేవి. అవన్నీ అద్దం పట్టుకుని పైఅంచు దాకా పాకి, అక్కడే చచ్చి ఉన్నాయి. ఈయన వాటిని ఒక్కొక్కటే ఏరి డబ్బా మూతలో పెడుతున్నారు.

"మంచి చేద్దామనే వేశానే," అన్నారు తలెత్తకుండా.

అనడానికి నోటిదాకా చాలా వచ్చింది. ఊళ్ళో మొగుళ్ళందరూ జబ్బుచేస్తే మంచమెక్కి మూలుగుతారు, నా మొగుడు నా చేత బకెట్లు మోయించాడు. తొట్టెడు నీళ్ళూ తోడి, కొత్త నీళ్ళు పోసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పోస్తున్నంతసేపూ ఆయన పక్కన నిలబడి, మెల్లగా, మెల్లగా, వేళ్ళు కదులుతాయి అంటూనే ఉన్నారు.

ఇవేవీ మా అమ్మాయికి చెప్పలేదు. "ఎలా ఉన్నాయి?" అంటే "ఇంకా పట్టలేదమ్మలూ, టైము పడుతుంది" అనేవారు. పసుపు తిరిగాయన్న మాట దాని చెవిన పడనివ్వలేదు. పరీక్షల పిల్లకి అపశకునంలా ఎందుకన్నారు. ఆ మాట ఆయన నోట విన్నాక నాకు తెలిసిపోయింది, ఆయన కూడా నాలాగే ఆ తొట్టిలో మొక్కల్ని చూడట్లేదని.

నేను రోజూ టీ ఇచ్చే వంకతో ఆయన కళ్ళలోకి చూసేదాన్ని. తెల్లరంగు డబ్బాలో పసుపు ఒక్క చుక్క పడినా నేను పట్టేస్తాను, నా తిండి అదే. కళ్ళు తెల్లగానే కనిపించేవి. తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని ఆ లైటులోనే ఉండేవారు మరి. ట్యూబులైటు కింద రంగు చూడకండి, బయటికి తీసుకెళ్ళి ఎండలో చూడండి అని కస్టమర్లకి రోజూ చెప్పేది నేనే.

ఇంక లాభం లేదని ఫోనులో ఫోటో తీసుకుని చేపలాయన దగ్గరికి వెళ్ళాను. అతను ఫోటో పెద్దది చేసి చూసి, ఎన్నిసార్లు పీకారని అడిగాడు. రోజూ అన్నాను. మొక్కలకి ఏ జబ్బూ లేదన్నాడు. ముందే చెప్పాను కదా, పోయే ఆకు పోతుంది, వచ్చే ఆకు రావాలంటే వేరుని వదిలెయ్యాలి అన్నాడు. ఇప్పుడు వదిలేస్తే బతుకుతాయా అంటే, ఇంతదూరం వచ్చాక తను చెప్పలేనన్నాడు. మనుషులు కళ్ళెదుట ఉన్న మాట చెప్పడానికి కూడా ఎందుకంత మెత్తగా గొంతు పెడతారో నాకు అర్థం కాదు. డాక్టరమ్మదీ అదే గొంతు.

ఇంటికొచ్చి పట్టకారు లాక్కుని బీరువా మీద పడేశాను. ఇంకోసారి తొట్టిలో చెయ్యి పెడితే బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాను, పట్టకారుని కాదు, ఆయన్ని.

"లాగకుండా పట్టిందో లేదో ఎలా తెలుస్తుందే? నాకు మాత్రం నెల నెలా రక్తం లాగి చూడట్లేదూ? నేనేమన్నా అన్నానా?" అన్నారు.

అన్నారే గానీ లొంగారు. తొట్టి పక్కనుంటే చెయ్యి ఊరుకోదని ఆయనకీ తెలుసు. మర్నాడు పొద్దున తనే లేచి కుర్చీని ఈడ్చుకుంటూ వెళ్ళి కిటికీ దగ్గర వేసుకున్నారు. అక్కడ్నుంచి తొట్టి కనిపిస్తుంది, చెయ్యి అందదు.

నేను టీ తెచ్చాను. ఎండ సూటిగా ఆయన మొహం మీద పడుతోంది. గ్లాసు అందుకోవడానికి తల ఎత్తి నా వైపు చూశారు.

కళ్ళ తెల్లలో పసుపు ఒక్క చుక్క కాదు. బాగానే కలిసింది. ఎన్నాళ్ళైందో ఏమో.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చేతిలో గ్లాసు కిటికీ అంచు మీద పెట్టి, అలవాటుగా స్పీకరు నొక్కాను.

"అమ్మా, పరీక్షకి వెళ్తున్నా. ఒక్కమాట చెప్పేసెయ్, ఎలా ఉన్నాయి?"

నా కళ్ళు ఇంకా ఆయన కళ్ళ మీదే ఉన్నాయి.

"పచ్చబడ్డాయే," అన్నాను.

పిల్ల గొంతు గదంతా నిండిపోయింది. నాకు తెలుసు, నేను ముందే అనుకున్నాను, నాన్న చెయ్యి పెడితే పచ్చబడకుండా ఎక్కడికి పోతాయి అంటోంది. పక్కన ఎవరికో చెప్తోంది, మా నాన్న మొక్కలు పచ్చబడ్డాయట అని. ఎంతవరకు, మొత్తమా, అంచుల దాకానా అని అడుగుతోంది.

మా ఆయన తొట్టి వైపు చూశారు. అందులో కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఆ మొక్కలు పసుపు తిరిగి చాలా రోజులైంది. తల తిప్పి నన్ను చూశారు. చూపుడువేలితో కింది రెప్ప కొద్దిగా కిందికి లాగి, కనుబొమ్మలు ఎగరేశారు. నేను తలూపాను.

ఫోను ఇటివ్వమని చెయ్యి చాపారు.

"అవునమ్మలూ. అంచుల దాకా పాకింది. నువ్వెళ్ళి పరీక్ష రాసుకో," అన్నారు.

ఫోను పెట్టేశాక టీ తాగారు. చల్లారిందని సణిగారు కూడా. పిల్లకి అబద్ధం ఎందుకు చెప్పారని అడిగాను. నేనెక్కడ చెప్పాను, చెప్పింది నువ్వేగా, నేను వత్తాసు పలికానంతే అన్నారు. నాకు ఏడవాలో ఆయన్ని పట్టుకుని కొట్టాలో తెలియలేదు. నిజమే మరి. కొట్లో అయితే ఆ మాట నా నోట వచ్చేది కాదు.

డాక్టరమ్మ ఆ రోజే చూసింది. టార్చి కూడా వేయలేదు. మందు పట్టలేదండీ అంది. పెద్దాసుపత్రికి వెళ్దామా, ఇంకో మందు లేదా అని నేను అడిగినవన్నీ ఓపిగ్గా విని, ఇంట్లో ఆయనకి ఇష్టమైనట్టు ఉండనివ్వమంది. దారిలో ఆటో మైదానం గోడ పక్కనుంచి వెళ్ళింది. ఆపమంటారా అన్నాను. వద్దన్నారు. ఎవడో కొత్తవాడు నీళ్ళు సరిగ్గా పెట్టి ఉండడు, చూస్తే తిట్టాల్సొస్తుంది, తిట్టే ఓపిక లేదన్నారు.

తర్వాత రోజుల్లో ఆ తొట్టిని ఎవరూ పట్టించుకోలేదు. పట్టకారు బీరువా మీదే ఉండిపోయింది. పిలకలు పసుపు నుంచి గోధుమకీ, గోధుమ నుంచి ఏ రంగూ కానిదానికీ తిరిగాయి. అద్దాలు పాచితో కప్పుకుపోయాయి. కానీ సాయంత్రం ఫోను మోగితే మాత్రం మా ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని గడ్డి పెంచేవారు. ఈ రోజు వెనక మూల దాకా వచ్చిందమ్మలూ అనేవారు. ఇంక కత్తిరించాలి, లేకపోతే కింద ఆకుకి ఊపిరాడదు అనేవారు. చూస్తుంటే చెప్పుల్లేకుండా నడవాలనిపిస్తోంది అనేవారు. ఫోటో పంపమంటే ఫోటోలో ఆ రంగు రాదు, వచ్చి చూడమనేవారు. నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతూ వినేదాన్ని. ఆ అబద్ధాలు వింటుంటే అసహ్యం వేసేది. ఫోను రావడం ఆలస్యమైతే మాత్రం చేస్తున్న పని ఆపి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేదాన్ని.

పరీక్షలయ్యాయి. మా అమ్మాయి మర్నాడే బస్సెక్కింది. దానికి ముందే అన్నీ చెప్పేద్దామని నేను, వచ్చాక చూస్తుంది కదా, దారంతా ఏడిపించడం ఎందుకని ఆయన. చివరికి ఆయన మాటే నెగ్గింది.

అది వచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు, దుప్పటి భుజాల దాకా ఉంది. నాన్న పడుకున్నారని నేను సైగ చేశాను. అది సంచి కింద పెట్టి, చెప్పులు విప్పి, పిల్లిలా అడుగులు వేసుకుంటూ నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుంది. అరచేత్తో పాచి తుడవబోయింది, లోపలి పాచి బయట తుడిస్తే పోతుందా? పైనుంచి వంగి చూసింది. ఉత్త మట్టి. అక్కడక్కడ కుళ్ళిన పోగులు.

"అమ్మా, ఇదేంటి? పచ్చబడ్డాయన్నావుగా?"

దాని గొంతుకి ఆయన మెలకువొచ్చి, మెల్లగా ఇటు తిరిగి, కళ్ళు తెరిచారు.

"వచ్చావా అమ్మలూ," అన్నారు.

అది చూసింది. నేను ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. లేవబోయి, తొట్టి అంచు పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"పచ్చబడ్డాయన్నావు," అంది మళ్ళీ. ఈసారి అడగలేదు.

ఆయన చెయ్యి చాపారు. అది వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఆయనే ముందు మాట్లాడారు. మీ అమ్మ రంగుల కొట్లో పనిచేస్తుందన్న మాటే గానీ రంగులు చెప్పడం రాదే, ఎన్నేళ్ళకి నేర్చుకుంటుందో ఏమో అన్నారు. అది నవ్వలేదు. ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు చూస్తూ కూర్చుంది. గోళ్ళ కిందా అదే రంగు.

వానలు మొదలైన వారంలో ఆయన పోయారు. మైదానం బాగా పచ్చగా ఉందని క్లబ్బువాళ్ళు వచ్చినప్పుడు ఎవరో అన్నారు. నేను వెళ్ళి చూడలేదు.

మా అమ్మాయి కొన్నాళ్ళుండి ఉద్యోగానికి వెళ్ళిపోయింది. రోజూ ఫోను చేస్తుంది. తిన్నావా, కొట్టుకి వెళ్ళావా, తలుపు గడియ పెట్టుకున్నావా అని అడుగుతుంది. ఎలా ఉన్నాయి అని మాత్రం అడగదు. ఏదైనా ఎలా ఉంది అని కూడా అడగదు.

తొట్టి తీసేయడానికి ఎవరినైనా పిలవాలని అనుకోవడం, మర్చిపోవడం. టైమరు దాని పని అది చేసుకుంటూనే ఉంది, పొద్దున లైటు వెలగడం, ఆరడం. వానలు తగ్గాక మా కొట్టుకి సెలవైన ఒక రోజున, ఖాళీ చేసి పారేద్దామని కూర్చున్నాను. కొట్టు నుంచి తెచ్చిన పుట్టీ రేకుతో అద్దం లోపలి పాచి గీకాను. గీకినంత మేరా అద్దం తేటపడింది. వంగి చూశాను.

మట్టిలోంచి ఆకులు. పాతవాటిలా గుండ్రంగా లేవు, సన్నగా, ఇంకా చిన్నగా ఉన్నాయి. ఒక మూల నుంచి నా అరచెయ్యంత మేర పాకాయి.

నాకు సంతోషం వేయలేదు. ఒళ్ళంతా భగ్గున మండింది. ఎవరూ చెయ్యి పెట్టనందుకు బతికాయి. చూసేవాడు లేనందుకు బతికాయి. చేపలాయన చెప్పిందంతా నిజమైనందుకు అతని మీద కూడా కోపమొచ్చింది. జాకెట్టు చెయ్యి ఎగదోసుకోకుండానే మోచేతి దాకా నీళ్ళలో పెట్టి, రెండు వేళ్ళతో ఒక పిలకని పట్టి లాగాను.

రాలేదు.

ఇంకా గట్టిగా లాగాను. అప్పుడూ రాలేదు.

తడి చెయ్యి తుడుచుకుని ఫోను తీశాను. మా అమ్మాయి ఆఫీసులో ఉంది, ఈ వేళప్పుడు చేశావేంటని కంగారుపడింది. ఏమీ లేదే అన్నాను. తొట్టి పారేద్దామని చూస్తున్నాను అన్నాను. మళ్ళీ ఒకసారి తొట్టిలోకి చూసి చెప్పాను.

"మొక్కలు పచ్చబడ్డాయే."

అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"ఏ పచ్చమ్మా?" అని అడిగింది.